పిడి మారని కత్తి

"నీళ్ళు కాగాయా?"

ఆ ఇంట్లో ఈ మాటతోనే తెల్లవారుతుంది. ఆయన కళ్ళు తెరవడు, దుప్పటి తియ్యడు, మాట మాత్రం ముందు లేస్తుంది. ఆ మాట పెరట్లోకి వచ్చేసరికి ఆమె దిమ్మ ముందు గొంతుక్కూర్చుని, కట్టె నిలబెట్టి, దాని నెత్తిన కత్తి ఆనించి, బడితె ఎత్తి ఉంటుంది. "ఆఁ, కాగుతున్నాయండీ" అంటుంది. ఆ అబద్ధం ఎన్నేళ్ళ నుంచి చెబుతోందో ఆమెకే గుర్తు లేదు. నీళ్ళు ఎప్పుడూ కాగుతూనే ఉంటాయి, ఆయన ఎప్పుడూ లేస్తూనే ఉంటాడు.

ఇల్లు చిన్నదేం కాదు గానీ పెరడు మాత్రం ఒక సందు. ఒకపక్క స్నానాలగది గోడ, ఇంకోపక్క వెనకగది కిటికీ, మధ్యలో కట్టెలతో మండే రాగి బాయిలరు. గొడ్డలి ఎత్తితే గోడకి తగులుతుంది కాబట్టి అక్కడ కట్టె కొట్టడానికి మచ్చుకత్తే వాడతారు. మోచేతి పొడుగుంటుంది, వీపు వేలు మందం. సన్నవాటిని ఒక్క వేటుతో నరికెయ్యొచ్చు. లావు ముక్కైతే కుడిచేత్తో కత్తిని దాని మీద ఆనించి, ఎడమచేత్తో కత్తి వీపు మీద బడితె వెయ్యాలి. మొదటి దెబ్బకి కత్తి కట్టెలో కూరుకుంటుంది, ఇంకో దెబ్బకి కట్టె నోరు తెరుస్తుంది, ఆ తర్వాత నిలువునా విచ్చుకుపోయే చప్పుడుంటుందే, అది మొదట్లో ఆమెకి నచ్చేది కూడా. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, కొత్తలో ఆ పని ఆమెకి ఇష్టంగానే ఉండేది. ఇంట్లో దేన్నైనా గట్టిగా కొట్టగలిగే చోటు అదొక్కటే మరి.

కట్టెకి లోటు లేదు. ఆయన కోతమిల్లులో సూపర్‌వైజరు. దుంగల్ని పలకలుగా కోసేటప్పుడు మిగిలే అంచులూ, ముడులున్న ముక్కలూ బండికెత్తించి ఇంటికి పంపిస్తాడు. "ఊరికే వచ్చే కట్టెలుండగా గీజరెందుకే?" అంటాడు. గీజరు నీళ్ళు పోసుకుంటే ఒళ్ళు పొడిబారుతుందట, జుట్టు ఊడుతుందట, వాళ్ళ నాన్న పోయేనాటికి కూడా నెత్తిన జుట్టు ఒత్తుగా ఉందంటే అదంతా కట్టెల నీళ్ళ చలవేనట. కట్టె ఊరికే వచ్చే మాట నిజమే. ఆ కట్టె పుల్లలెలా అవుతుందో మాత్రం ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. "అదెంతసేపే, నాలుగు దెబ్బలు" అంటాడు, ఒక్క దెబ్బా వెయ్యనివాడు కాబట్టి.

ఎందుకు వెయ్యలేదంటే దానికీ ఆయన దగ్గర ఒక కారణం ఉంది. పిడి. ఏ ఇంట్లోనైనా పిడి అరిగిపోతే పిడి మారుస్తారు, కత్తి ఉంచుకుంటారు. ఈ ఇంట్లో వ్యవహారం తిరగబడింది. కత్తి అరిగినప్పుడల్లా ఆయన మిల్లు దగ్గరి కమ్మరి చేత కొత్త కత్తి చేయించి, అదే పాత పిడిలోకి దిగ్గొట్టించుకొస్తాడు. పిడి మాత్రం మారదు. అది వాళ్ళ నాయనమ్మ పట్టిన పిడి. ఆవిడ వేళ్ళు ఒత్తుకుని ఒత్తుకుని దాని మీద నాలుగు పల్లాలు పడ్డాయి, బొటనవేలు ఆనేచోట ఒక గుంట. ఆ పల్లాల్లోనే ఆవిడ కోడలు, అంటే ఈమె అత్తగారు, వేళ్ళు పెట్టి మరింత లోతు చేసింది. నల్లబడి, నున్నబడి, కొయ్యో కొమ్మో తెలియనంతగా మెరుస్తుంది. ఇంటికెవరైనా వస్తే ఆయన దాన్ని తెచ్చి చూపిస్తాడు. "చూశారా, మా ఇంటి ఆడవాళ్ళ చేతిముద్రలు. ఇదుగో, నేను పట్టుకుంటే పట్టదు" అని తన లావు వేళ్ళు పల్లాల మీద పెడతాడు. అవి పక్కకి జారిపోతాయి. ఆయన నవ్వుతాడు, వచ్చినవాళ్ళూ నవ్వుతారు. వాళ్ళ నాన్నకీ పట్టలేదట. మరిదికీ పట్టదు. మగవాళ్ళ చేతికి ఒదగని పిడి అది, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

కాపరానికొచ్చిన కొత్తలో ఈమె చేతికీ అది పట్టలేదు. ఈమెవి సన్నటి పొడుగాటి వేళ్ళు, పల్లాలు పొట్టి వేళ్ళవి. దెబ్బ వేసినప్పుడల్లా అదురు మణికట్టు దాకా వచ్చి అక్కడే కూర్చునేది. "అత్తయ్యా, ఇది నాకు కుదరట్లేదు, వేరే పిడి వేయిద్దామా?" అని అడిగింది ఒకరోజు. అత్తగారు అప్పుడు గట్టిగానే తిరుగుతుండేది. ఈమె కుడిచెయ్యి అందుకుని, ఒక్కో వేలూ ఒక్కో పల్లంలో పెట్టి, పైనుంచి తన గుప్పిట్లో బిగించి నొక్కింది. "నువ్వు పట్టుకో అమ్మాయ్. కొన్నాళ్ళకి అదే నిన్ను పట్టుకుంటుంది" అంది. ఓదార్పుగా అందేమో అనుకుంది అప్పుడు. ఏళ్ళు గడిచాక, ఒక చలికాలం పొద్దున, పిడి చేతిలోకి తీసుకుంటే వేళ్ళు వాటంతటవే వెళ్ళి ఆ పల్లాల్లో కూర్చున్నాయి. ఎక్కడా ఒరుసుకోలేదు. సంతోషించాల్సింది పోయి ఆమెకి ఒళ్ళు జలదరించింది. పిడి ఏమీ మారలేదు. చిటికెన వేలు వంకరపోయింది, చూపుడువేలి కణుపు ఉబ్బింది, బొటనవేలు లోపలికి తిరిగింది. ఆ చెయ్యి తనదే గానీ ఎక్కడో చూసిన చెయ్యిలా ఉంది.

ఎక్కడ చూసిందో వెతుక్కోనక్కర్లేదు. వెనకగదిలో మంచం మీద రోజూ కడిగి తుడిచే చెయ్యే అది.

అత్తగారు మంచాన పడి చాలాకాలమైంది. కాళ్ళు రావు, మాట బాగా తగ్గిపోయింది. ఎడమచెయ్యి మామూలుగానే ఉంటుంది. కుడిచెయ్యి మాత్రం ముడుచుకుపోయి ఉంటుంది, పూర్తి పిడికిలి కాదు, మధ్యలో బోలుగా, ఏదో కర్ర పట్టుకుని ఉన్నట్టు. డాక్టరు చూసి నరాలన్నాడు. వేళ్ళు విప్పడానికి ప్రయత్నిస్తే విడవవు, గుడ్డ పేలిక దూర్చి లోపల తుడవాల్సిందే. అసలు భయం అది కాదు. పెరట్లో ఈమె కట్టె కొడుతుంటే, కిటికీలోంచి కనిపిస్తుంది, ఆ చెయ్యి లేస్తుంది, పడుతుంది. ఈమె దెబ్బకి సరిగ్గా ఆ చెయ్యి దుప్పటి మీద పడుతుంది. కళ్ళు మూసుకునే ఉంటాయి. "అమ్మకి నీ తోడు కావాలని ఉంటుంది" అన్నాడు ఆయన, చెబితే. కొంచెం మురిసిపోయాడు కూడా.

ఒక తెల్లవారుజామున ఆమె లెక్క తప్పింది. కట్టె నిలబెట్టింది, కత్తి ఆనించింది, బడితె ఎత్తింది, ఎందుకో కిటికీ వైపు చూసింది. ఆ చెయ్యి అప్పటికే గాల్లో ఉంది. ఆమె బడితె దించలేదు. అలాగే ఆగి చూసింది. చెయ్యి దుప్పటి మీద పడింది. పెరట్లో ఠక్ మని చప్పుడైంది. బడితె ఇంకా ఆమె ఎడమచేతిలో గాల్లోనే ఉంది. కత్తి కింద కట్టెలో సన్నటి పగులు కనిపించింది. ఎండిన కట్టె, పగులు ముందునుంచే ఉండి ఉంటుందని సర్దిచెప్పుకుంది. చప్పుడుకి మాత్రం ఏ సర్దుబాటూ దొరకలేదు. లోపలి నుంచి "నీళ్ళు కాగాయా?" అని మాట వచ్చింది. ఆ మాటకి అంత ధైర్యం కలగడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

ఆమెకి బయట ఇంకో పనుంది. కళ్ళజోళ్ళ షాపులో వెనకబల్ల దగ్గర కూర్చుని ఫ్రేములు బాగుచేస్తుంది. ఆవగింజంత మరలు, సూదంత స్క్రూడ్రైవరు, కన్ను పెట్టి చూసే భూతద్దం. చెవి మీద నొక్కుతోందన్నవాళ్ళకి కాడ వేడిచేసి వెంట్రుకవాసి వంచుతుంది. ముక్కు మీంచి జారుతోందన్నవాళ్ళకి ముక్కుదిమ్మలు సర్దుతుంది. ఒకళ్ళ చెవి పైకి, ఒకళ్ళ చెవి కిందికి, ఒకళ్ళ ముక్కు వంకర, ఎవరి ముఖం వాళ్ళది. జోడునే ముఖానికి సర్దుతారు గానీ, ముఖాన్ని జోడుకి సరిపడేలా వంచుకోమని ఏ షాపులోనూ చెప్పరు. ఆ బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ ఆమెకి ఇల్లు గుర్తురాదు. పట్టకారుతో మర పట్టి, రంధ్రంలో నిలబెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పుతుంటే, ఈ లోకంలో ఒక చిన్న వస్తువు తన మాట వింటోందని ఉంటుంది. చెప్పాలంటే ఆమె బతుకులో ఆమెది అనుకోదగ్గది ఆ బల్లా, ఆ దీపం, ఆ చెయ్యి.

ఆ చెయ్యే ఇప్పుడు మొరాయిస్తోంది. పొద్దున లేచేసరికి గుప్పిట బిగుసుకుని ఉంటుంది. ఎడమచేత్తో ఒక్కో వేలూ విప్పుకోవాలి. పట్టకారు పట్టుకుంటే వేళ్ళు సన్నగా ఒకదానికొకటి ఆనకుండా, లావుపాటిదేదో పట్టుకుంటున్నట్టు వెడల్పుగా వంగుతున్నాయి. మరలు రాలిపోతున్నాయి. ఒక పెద్దాయన అద్దం అంచు ఆమె చేతిలో చిట్లింది. షాపాయన మంచివాడే, అరిచే మనిషి కాదు. బల్ల దగ్గరికొచ్చి నిలబడి, "అమ్మా, నీ చెయ్యి ఇదివరకటిలా లేదు. నేను చూస్తూనే ఉన్నా. ఈ నెలాఖరు దాకా చూద్దాం, లేకపోతే నువ్వు ముందు కౌంటర్లో అద్దాలు తుడుస్తూ కూర్చో, వెనకబల్లకి ఇంకొకర్ని పెట్టుకుంటా" అన్నాడు. అంత మెల్లగా అన్నాడు కాబట్టే ఆమెకి ఏడుపొచ్చింది.

ఇంట్లో చెబితే ఆయన అన్నం కలుపుకుంటూ, "కౌంటరు పనైతే కూర్చునే చేసుకోవచ్చుగా, ఇంకా మంచిది" అన్నాడు. ఒక ముద్ద తిన్నాక ఆయనకి ఇంకో సంగతి తట్టింది. "అయినా ఇక నీకేంటే! తమ్ముడి పెళ్ళి కుదిరిందిగా. చిన్నకోడలొస్తుంది. కత్తి దాని చేతికిచ్చి నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చో."

ఆ మాట విని ఆమె మనసు ఎగిరి గంతేసింది. అవును, గంతేసింది. మంచిదానిలా నటించడం ఎందుకు? పెళ్ళి పనులన్నీ ఆమె రెట్టింపు ఉత్సాహంతో చేసింది. రాబోయే పిల్ల ఎలాంటిదో, ఏం చదివిందో పట్టించుకోలేదు. దానికి రెండు చేతులుంటే చాలనుకుంది. మనిషి అలసిపోతే ఎంత చిన్నదైపోతుందో ఆమెకి తర్వాత తెలిసింది, అప్పుడు తెలియలేదు.

చిన్నకోడలు బేకరీలో పనిచేసే పిల్ల. కేకుల మీద క్రీముతో పూలు వేస్తుంది. గలగల మాట్లాడుతుంది, దేనికైనా ముందు నవ్వుతుంది, తర్వాత ఆలోచిస్తుంది. వచ్చిన వారంలోనే మరిది దుప్పటి లోపలి నుంచి ఇంకో గొంతు వినిపించడం మొదలైంది, "నీళ్ళు కాగాయా?" అని. అన్నదమ్ముల గొంతులు ఒకేలా ఉంటాయి. ఆమె భర్త ఒకరోజు పొద్దున్నే పెరటి గుమ్మంలోకి కూడా వచ్చి నిలబడి, "నేర్పించు మరి, మా అమ్మ నీకు నేర్పించినట్టే" అని వెళ్ళి మళ్ళీ పడుకున్నాడు.

"చూడు చెల్లీ, కట్టెలో చార ఎటు వెళుతోందో చూసుకోవాలి ముందు. ముడి ఉన్నచోట కత్తి పెట్టకు, ఇరుక్కుంటుంది. పక్కనించి రా. కాళ్ళు దిమ్మకి దూరంగా పెట్టుకో, కత్తి జారినా నీ వైపు రాకూడదు." పనికి సంబంధించినంతవరకు ఆమె బాగానే చెప్పింది. అప్పటిదాకా తను పట్టుకున్న కత్తిని తిప్పి, పిడి ఆ పిల్ల వైపు పెట్టి అందించింది.

ఆ పిల్ల పట్టుకుని ఉలిక్కిపడింది. "అబ్బ! ఇంత చల్లగా ఉందేంటక్కా?"

తన అరచేతిలో ఇంతసేపు ఉన్న పిడి. వెచ్చగా ఉండాలి.

"అదేం లేదు, పట్టుకో."

"నా వేళ్ళకి కుదరట్లేదక్కా, చూడు. ఇంకెవరో పట్టుకుని ఉంటే వాళ్ళ వేళ్ళ మధ్యలో నా వేళ్ళు పెట్టినట్టుంది." ఆ పిల్ల నవ్వబోయి ఆగింది. "వేరే పిడి వేయిద్దామా?"

ఆమె వంగి, ఆ మెత్తటి చెయ్యి అందుకుంది. ఒక్కో వేలూ ఒక్కో పల్లంలో పెట్టింది. పైనుంచి తన గుప్పిట బిగించి నొక్కింది. తను చేస్తున్నదేమిటో ఆమెకి తెలియదు, చేతులకి తెలుసు. నోరు తెరుచుకుంది. "నువ్వు పట్టుకో అమ్మాయ్. కొన్నాళ్ళకి అదే నిన్ను పట్టుకుంటుంది."

ఆ గొంతు ఆమెది కాదు. ఆ పిల్లని ఆమె ఎప్పుడూ "అమ్మాయ్" అని పిలవలేదు. మాట బయటికొచ్చి, గోడకి తగిలి, మళ్ళీ తన చెవిలో పడ్డాక గానీ అది ఎవరి గొంతో ఆమెకి అందలేదు. కిటికీలోంచి చూస్తే అత్తగారు కళ్ళు తెరిచి ఉంది. ఇటే చూస్తోంది. ఆ కళ్ళల్లో గెలిచిన సంతోషం ఏదీ లేదు. బావిలో పడినవాళ్ళు పైకి చూసినట్టు చూస్తోంది. ఆ కుడిచెయ్యి ఇంకా ముడుచుకునే ఉంది.

అక్కడే ఆమెకి విషయం బోధపడింది. ఈవిడా ఒకరోజు పిడిని తన చేతికిచ్చేసి హమ్మయ్య అనుకునే ఉంటుంది. ఇచ్చి ఏం బాగుపడింది? చెయ్యి విడిచిందా? ఇన్నేళ్ళుగా మంచం మీద పడుకుని, నిద్రలో కూడా కట్టెలు కొడుతూనే ఉంది. తను ఈ పిల్లకిచ్చినా అంతే. షాపులో మరలు ఇంకా రాలుతూనే ఉంటాయి, బేకరీలో క్రీము పూలు కూడా వంకరపోతాయి, అంతే తేడా.

"ఇటిచ్చెయ్ చెల్లీ" అంది. ఈసారి గొంతు తనదే. "ఇవాళ్టికి నేను కొడతాను. నువ్వు లోపలికెళ్ళి చెయ్యి వేడినీళ్ళలో పెట్టుకో."

"నీకు కోపమొచ్చిందా అక్కా?"

"వచ్చింది. నీ మీద కాదు."

ఆ తర్వాత ఆయన సెలవురోజు వచ్చింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన వాలుకుర్చీలో పడుకుని గుర్రు పెట్టడం మొదలుపెట్టాడు. కుడిచెయ్యి కుర్చీ పక్కకి వేలాడుతోంది. ఆమె వంటింట్లోకి వెళ్ళి గోధుమపిండి గట్టిగా కలిపి, పిడి పొడవున కడ్డీలా చుట్టి, చప్పుడు చెయ్యకుండా కుర్చీ పక్కన కూర్చుంది. ఆ ముద్దని ఆయన అరచేతిలో పెట్టింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఆ లావు వేళ్ళు నిద్రలోనే కదిలి, ఒక్కొక్కటిగా దాని చుట్టూ ముడుచుకున్నాయి. గట్టిగా బిగుసుకున్నాయి. "నీళ్ళు కాగాయా?" అన్నాడు ఆయన నిద్రలో. గుమ్మంలో నిలబడి చూస్తున్న చిన్నకోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె మాత్రం నవ్వలేదు. ముద్ద చెడిపోకుండా వేలు వెంట వేలు విప్పి బయటికి తీసింది. వేళ్ళు విప్పడం ఆమెకి బాగా అలవాటైన పనే కదా.

పిండి ఆరి గట్టిపడింది. దాన్ని గుడ్డలో చుట్టి షాపుకి తీసుకెళ్ళింది. పిడికి కావలసిన కొయ్య ఇంట్లోదే, మిల్లు నుంచి ఊరికే వచ్చిన ముక్క. భోజనాల వేళ వెనకబల్ల దీపం కింద ఆ ముక్కని ఆకురాయితో రాయడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళు పట్టింది. చెయ్యి అదురుతూనే ఉంది గానీ ఈ పనికి మాత్రం లొంగింది. పిండిముద్దని పక్కన పెట్టుకుని, భూతద్దంలోంచి చూస్తూ, చూపుడువేలి పల్లం, ఉంగరపు వేలి పల్లం, అరచేతి కండ ఆనేచోట ఉబ్బు, బొటనవేలికి ఒక గుంట, వెంట్రుకవాసి తేడా లేకుండా దింపింది. షాపాయన వచ్చి చూసి, "ఇదెవరి ముఖానికమ్మా?" అని హాస్యమాడాడు.

"మా ఆయన చేతికి సార్. ఏదీ పట్టదంటారు పాపం."

షాపాయన ఆ పల్లాల మీద వేలితో రాసి చూసి, ఆమె ఆకురాయి పట్టుకున్న చెయ్యి వైపు కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

పాత పిడి తీసేసిన పొద్దున ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. పిడి మూతికి ఉన్న ఇనప కట్టుని, ఆ పొన్నుని, మెల్లగా తట్టి వదులు చేసి, కత్తి వీపు దిమ్మకేసి కొట్టింది. రాలేదు. మళ్ళీ కొట్టింది. లోపల ఏదో పళ్ళు కరుచుకుని పట్టుకున్నట్టు, పిడి కదలలేదు. చిన్నకోడలు వచ్చి ఎదురుగా కూర్చుని రెండు చేతులతో పిడి పట్టుకుంది. ఈమె గుడ్డ చుట్టిన కత్తి పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు లాగారు. దీర్ఘంగా ఒక చప్పుడు చేస్తూ వచ్చేసింది. కీచుమన్నది తుప్పే అయి ఉంటుంది. ఇద్దరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు గానీ తుప్పేనని ఎవరూ పైకి అనలేదు.

దాన్ని పొయ్యిలో పడేసే ముందు ఆమె వెనకగదిలోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో అడిగితే చెప్పలేకపోయేది. అత్తగారు మేలుకునే ఉంది. ఆమె మంచం పక్కన కూర్చుని, ఆ ముడుచుకుపోయిన కుడిచేతి బోలులోకి పాత పిడిని దూర్చింది. గుడ్డ పేలిక దూర్చడమే కష్టమయ్యే చోట అది జారుకుంటూ వెళ్ళి, సరిగ్గా కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి పట్టుకుని ఉన్నది దీన్నే. లేని పిడిని. అత్తగారి ముఖం కదిలింది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి దిగాయి. చాలాసేపటికి చిటికెనవేలు సడలింది. తర్వాత ఉంగరపువేలు. పిడి దొర్లి నేల మీద పడింది. చెయ్యి దుప్పటి మీద వెల్లకిలా, చాపినట్టు తెరుచుకుని ఉంది. లోపలి అరచెయ్యి ఎండ చూడని తెలుపు. పసిపిల్ల చెయ్యిలా ఉంది.

"తీసెయ్ అమ్మాయ్" అంది అత్తగారు. అని కొంచెం ఆగి, "నేనే తీసెయ్యాల్సింది" అంది.

ఆ ఒక్క మాటతో ఆమె పాతవన్నీ మర్చిపోయిందనుకోవద్దు. ఏదీ మర్చిపోలేదు. కానీ ఆ చెయ్యి తీసుకుని తన బుగ్గకి ఆనించుకుంది.

బాయిలరు పొయ్యిలో పాత పిడి వెంటనే అంటుకోలేదు. చుట్టూ పుల్లలన్నీ కాలిపోతున్నా నల్లగా మెరుస్తూ అలాగే ఉంది. తర్వాత ఒక్కసారిగా ఠక్ మంది, నిలువునా రెండుగా పగిలింది. ఆ మంటలోనే పిడిలోకి దిగే కత్తి తోక ఎర్రగా కాల్చి, కత్తికి తడిగుడ్డ చుట్టి, కొత్త పిడి రంధ్రంలోకి దించారు ఇద్దరూ కలిసి. పొగ లేచింది. పొన్ను బిగించారు. ఇద్దరి ముఖాలూ మసి కొట్టుకుని ఉన్నాయి. చూసుకుని నవ్వుకున్నారు, చప్పుడు లేకుండా.

"నీళ్ళు కాగాయా?"

ఆమె చేతులు కడుక్కుని, కత్తి పట్టుకుని, మంచం దగ్గరికి వెళ్ళింది. "లేదండీ. కొంచెం లేస్తారా? కొత్త పిడి వేశాను. మీకు పడుతుందేమో చూడండి."

ఆయన కళ్ళు తెరిచాడు. కత్తి చూసి లేచి కూర్చున్నాడు. "కొత్త పిడేంటే? మా నాయనమ్మ పిడి ఏమైంది?" అంటూనే, అలవాటైన హాస్యం కదా, నవ్వుతూ చెయ్యి చాపాడు. "నా చేతికి ఏ పిడీ పట్టదే పిచ్చిదానా, ఇదిగో చూడు." వేళ్ళు పెట్టాడు. అవి పక్కకి జారలేదు. చూపుడువేలు వెళ్ళి దాని పల్లంలో కూర్చుంది. పక్కది దాని పక్కన. బొటనవేలు గుంటలోకి దిగింది. నవ్వు ముఖం మీద సగంలో ఆగిపోయింది. ఆయన చెయ్యి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. గుప్పిట తెరవాలని చూసినట్టుంది, తెరవలేదు.

"ఇదేంటే... నన్ను పట్టుకున్నట్టుందే" అన్నాడు.

"అలాగే ఉంటుందండీ మొదట్లో. దిమ్మ దగ్గర కట్టెలు పెట్టాను. చార చూసి కొట్టండి, ముడి మీద పెట్టకండి. రేపట్నుంచి మీరో రోజు, మీ తమ్ముడో రోజు. నాకు షాపుకి టైమవుతోంది, చెల్లికి బేకరీకి."

ఇక పట్టదనడానికి లేదు. గుమ్మంలో మరిది కళ్ళు నులుముకుంటూ వచ్చి నిలబడ్డాడు. అన్న చేతిలో ఉన్నదాన్ని చూసి మెల్లగా వెనక్కి జరగబోతే, వెనకాల చిన్నకోడలు నిలబడి ఉంది, దారికడ్డంగా.

ఆయన పెరట్లోకి వెళ్ళాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆమె అద్దం ముందు జడ వేసుకుంటూ విన్నది. కుడిచేతి వేళ్ళు పాయల మధ్య తడబడుతున్నాయి గానీ కదులుతున్నాయి. చిటికెనవేలు ఇంకా వంకరగానే ఉంది, అది అంత తొందరగా రాదు. పెరట్లో ఒక దెబ్బ పడింది, తప్పుడు దెబ్బ, కత్తి ముడిలో ఇరుక్కున్న చప్పుడు. ఆయన తిట్టుకోవడం వినిపించింది. ఆమె వెనకగది వైపు చూసింది. అత్తగారి చెయ్యి దుప్పటి మీద కదలకుండా, తెరుచుకునే ఉంది.

ఇంకో దెబ్బ. ఈసారి కట్టె విచ్చుకుంది.

అప్పుడు వెనకగదిలోంచి, ఏళ్ళ తరబడి ఎవరినీ ఏమీ అడగని ఆ ముసలి గొంతు, ఇల్లంతా వినపడేలా లేచింది:

"ఒరేయ్, నీళ్ళు కాగాయా?"